పదో తరగతి తరువాత చేసిన ఐటీఐ ఇంటర్‌తో సమానమా? ఆ మాట చెప్పే అధికారం ఎవరిది?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. మీ తమ్ముడు పదో తరగతి తరువాత రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ఐటీఐ పూర్తిచేశాడు. ఇప్పుడొక నోటిఫికేషన్‌లో ‘ఇంటర్మీడియట్ లేదా తత్సమాన అర్హత’ అని ఉంది. అతని చదువు ఆ లెక్కలోకి వస్తుందో రాదో తేల్చమని ఎన్‌సీఈఆర్‌టీకి రాయాలా, సీబీఎస్‌ఈకి రాయాలా అన్నది మొదటిది. బడులు, సిలబస్, వృత్తి శిక్షణ మూడింటినీ చూసే జాతీయ సంస్థ అసలు ఏది అన్నది రెండోది. నేను ఐటీఐలో పాఠాలు చెప్పి, తరువాత శిక్షణ శాఖ కార్యాలయంలో ఫైళ్లు చూసి పదవీ విరమణ చేసినవాడిని. రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలకపోతే మొదటిదాని కోసం మీరు రాసే ఉత్తరం తప్పు చిరునామాకు పోతుంది.

మూడింటినీ చూసే సంస్థ మన దేశంలో ఒక్కటి లేదు. కొన్ని దేశాల్లో ఉంది. ఫిన్లండ్‌లో బడులను చూసే బోర్డును, వృత్తి విద్యను చూసే బోర్డును 1991లో కలిపేశారు. అక్కడ బడి పాఠ్యప్రణాళిక మూలాంశాలూ, వృత్తి అర్హతల ప్రమాణాలూ ఒకే కార్యాలయం నుంచి వెలువడతాయి. మన దగ్గర ఆ పని అరడజను చోట్ల పంచి ఉంది. ఆ పంపకం కూడా ఎవరో ఒకచోట కూర్చుని ఆలోచించి చేసింది కాదు, కాలక్రమంలో అలా జరిగిపోయింది.

దీని మూలం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 1950లో విద్య రాష్ట్రాల జాబితాలో 11వ అంశం. ‘కార్మికులకు వృత్తి, సాంకేతిక శిక్షణ’ మాత్రం అప్పటికే ఉమ్మడి జాబితాలో 25వ అంశంగా ఉంది. చదువు చెప్పడం విద్యాశాఖ పని, పని నేర్పడం కార్మిక శాఖ పని అని ఆనాడే గీత పడిందన్నమాట. 1976లో 42వ సవరణ విద్యను కూడా ఆ 25వ అంశంలోకే తెచ్చింది. కాగితం మీద రెండూ ఒకే వాక్యంలో ఒదిగాయి. అప్పటికి శాఖలు, సిబ్బంది, సర్టిఫికెట్లు, ముద్రలు ఎక్కడివక్కడ పాతుకుపోయాయి.

ఐటీఐల వంశవృక్షం చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగొస్తున్న సైనికులకు బతుకుదెరువు చూపడానికి 1945లో ఒక డైరెక్టరేట్ పెట్టారు. దాని పనుల్లోంచే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం వచ్చింది. మీ తమ్ముడు చదివిన ఐటీఐ నేటికీ ఆ పథకం కిందే నడుస్తోంది. 1956లో ఐటీఐల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వెళ్లింది. ట్రేడ్ల, అంటే ఎలక్ట్రీషియన్ లాంటి వృత్తి కోర్సుల సిలబస్, ప్రమాణాలపై సలహా ఇవ్వడానికి అదే ఏడు జాతీయ వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) ఏర్పడింది. ఇదంతా కేంద్ర కార్మిక శాఖ నీడలో జరిగింది. 2014 నవంబరులో నైపుణ్యాభివృద్ధికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చాక, 2015లో శిక్షణ విభాగం దాని కిందికి మారింది. ఇన్ని మార్పుల్లో ఐటీఐ ఒక్కసారి కూడా విద్యాశాఖ గడప తొక్కలేదు. మీ తమ్ముడి సర్టిఫికెట్ గురించి ఇంటర్ బోర్డు గుమస్తా అయోమయంగా చూడటానికి కారణం ఇదే. అతని దృష్టిలో అది వేరే శాఖ కాగితం.

ఇక ఎన్‌సీఈఆర్‌టీ. పేరు గంభీరంగా ఉండటం వల్ల దేశంలో బడి చదువుకంతటికీ అదే పెద్ద దిక్కని చాలామంది అనుకుంటారు. అది పార్లమెంటు చట్టంతో పుట్టిన సంస్థ కాదు. 1961 సెప్టెంబరు 1న పని మొదలుపెట్టిన, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థ. కేంద్ర విద్యామంత్రి దాని అధ్యక్షుడు, రాష్ట్రాల విద్యామంత్రులు సభ్యులు. పరిశోధన చేస్తుంది, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది, పాఠ్యపుస్తకాలు రాయిస్తుంది, జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని తయారుచేస్తుంది. ఆ చట్రాలు 1975, 1988, 2000, 2005 సంవత్సరాల్లో వచ్చాయి. కొత్త విద్యావిధానం తరువాత పునాది దశకు 2022లో, మొత్తం బడి చదువుకు 2023లో వచ్చాయి. ఎన్‌సీఈఆర్‌టీ బడికి గుర్తింపు ఇవ్వదు. పది, పన్నెండు పరీక్షలు పెట్టదు. ఏ సర్టిఫికెట్ దేనితో సమానమో తీర్పు చెప్పదు.

దాని చేతిలో చట్టబద్ధమైన అధికారం అసలు లేదా అంటే, కొంత ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పాఠ్యప్రణాళికను, మూల్యాంకన విధానాన్ని నిర్ణయించే ‘విద్యా ప్రాధికార సంస్థ’ను ప్రభుత్వం ప్రకటించాలంటుంది. కేంద్రం ఎన్‌సీఈఆర్‌టీని ప్రకటించింది. రాష్ట్రాలు సాధారణంగా రాష్ట్ర స్థాయిలో అదే పని చేసే తమ ఎస్‌సీఈఆర్‌టీలను ప్రకటించుకున్నాయి. కాబట్టి మీ ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో ఏ పాఠం ఉండాలో తేల్చేది ఢిల్లీ కాదు, మీ రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ. జాతీయ చట్రాన్ని అది ఎంతవరకు తీసుకుంటుందన్నది ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. కొన్ని రాష్ట్రాలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలనే తెచ్చుకుని తమకు కావలసిన మార్పులు చేసుకుంటాయి, కొన్ని సొంతంగా రాయించుకుంటాయి.

సీబీఎస్‌ఈ పని వేరు. అది బోర్డు. తనకు అనుబంధంగా ఉన్న బడులకు నియమాలు పెడుతుంది, పది, పన్నెండు పరీక్షలు నిర్వహిస్తుంది, మార్కుల పత్రాలు ఇస్తుంది. తన గొడుగు కింద లేని విద్యార్థి విషయం దానికి పట్టదు. సీబీఎస్‌ఈ బడి అయినా సరే, ముందు రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఫీజుల పేచీ, భవనం భద్రత, గుర్తింపు రద్దు లాంటివాటికి ఢిల్లీకి ఉత్తరాలు రాసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. అవి ముందుగా పోవలసింది జిల్లా విద్యాశాఖాధికారి దగ్గరికి.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో మెలిక ఉంది. చాలాచోట్ల పదకొండు, పన్నెండు తరగతులు బడిలోనే ఉంటాయి. ఇక్కడ ఇంటర్ విడిగా జూనియర్ కళాశాలల్లో, విడి బోర్డు కింద నడుస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 1971 చట్టంతో వచ్చిన ఏర్పాటిది, విభజన తరువాత ఇటు ఒక బోర్డు, అటు ఒక బోర్డు. ఆ బోర్డులు ఒకేషనల్ ఇంటర్ కూడా నడుపుతాయి. పేరులో వృత్తి ఉంది కదా అని దాన్నీ ఐటీఐనీ ఒకే గాటన కట్టకండి. ఒకేషనల్ ఇంటర్ చదివినవారికి ఇంటర్ బోర్డు సర్టిఫికెట్టే వస్తుంది, కాబట్టి ‘ఇంటర్ పాస్’ అన్నచోట వారికి పేచీ తక్కువ. ఇంజనీరింగ్, వ్యవసాయ కోర్సుల ప్రవేశ పరీక్ష వైపు వెళ్లాలనుకుంటే సంబంధిత సబ్జెక్టుల్లో బ్రిడ్జి కోర్సు, అంటే లోటు పూడ్చే అదనపు కోర్సు రాయాలి. ఐటీఐ వారికి ఇంటర్ బోర్డుతో ఏ సంబంధమూ లేదు.

ఇక వృత్తి శిక్షణ వైపు ఎవరెవరు ఉన్నారో చూద్దాం. ఐటీఐలకు అనుబంధం, ట్రేడ్ సిలబస్, అఖిల భారత ట్రేడ్ పరీక్ష, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇవన్నీ నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీటీ చేతిలో ఉన్నాయి. ప్రభుత్వ ఐటీఐ గోడలు, జీతాలు, ప్రవేశాలు రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖవి. వీటన్నిటి పైన నియంత్రణ సంస్థగా జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి (ఎన్‌సీవీఈటీ) ఉంది. 2018 డిసెంబరులో కేంద్రం దాన్ని ప్రకటించింది, 2020 ఆగస్టు నుంచి పని మొదలైంది. పాత ఎన్‌సీవీటీ నియంత్రణ బాధ్యతలు, జాతీయ నైపుణ్యాభివృద్ధి ఏజెన్సీ పనులు అందులో కలిశాయి. అది ఎవరికీ శిక్షణ ఇవ్వదు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు, పరీక్షించే సంస్థలకు గుర్తింపు ఇస్తుంది, ఒక్కో అర్హత ఏ స్థాయిదో ఆమోదిస్తుంది. దీనికీ చట్టం లేదు, ప్రభుత్వ తీర్మానమే ఆధారం. ఇంత పెద్ద వ్యవస్థకు నియంత్రణ సంస్థను చట్టం లేకుండా నడపడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. తీర్మానం రాసిన చెయ్యే రేపు ఇంకో తీర్మానం రాయగలదు.

పాలిటెక్నిక్ డిప్లొమా దగ్గర మళ్లీ శాఖ మారుతుంది. దానికి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఉంది, అది విద్యాశాఖ కిందిది, 1987 చట్టంతో అధికారాలు పొందింది. అప్రెంటిస్‌షిప్‌లోనూ ఇదే చీలిక. చట్టం ఒకటే, 1961 నాటిది. ఐటీఐ పూర్తిచేసిన అప్రెంటిస్‌ను నైపుణ్య శాఖ చూస్తుంది. డిప్లొమా, డిగ్రీ అప్రెంటిస్‌లను విద్యాశాఖ కింద ఉన్న ప్రాంతీయ బోర్డులు చూస్తాయి, మన రాష్ట్రాలకు చెన్నైలోనిది. ఒకే కర్మాగారంలో పక్కపక్క యంత్రాల దగ్గర నిలబడే ఇద్దరు కుర్రాళ్ల స్టైపెండ్ కాగితాలు రెండు వేర్వేరు మంత్రిత్వ శాఖలకు పోతాయి. ఎవరికి వారే యమునా తీరే.

బడిలో చెప్పే వృత్తి విద్య మూడో దారి. ఎన్‌సీఈఆర్‌టీకే భోపాల్‌లో పండిట్ సుందర్‌లాల్ శర్మ పేరుతో కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ ఉంది, 1993లో పెట్టారు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు బడుల్లో కేంద్ర పథకమైన సమగ్ర శిక్షా నిధులతో నడిచే వృత్తి కోర్సులకు సిలబస్, పుస్తకాలు ఎక్కువగా అక్కడివే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ‘కౌశల్ బోధ్’ అనే పుస్తకాలు ఈమధ్యే వచ్చాయి. అందులో పనిని మూడు రకాలుగా చూపారు: ప్రాణులతో చేసేది, యంత్రాలతో, వస్తువులతో చేసేది, మనుషులకు సేవగా చేసేది. ఆ ఆలోచన నాకు నచ్చింది. వడ్రంగం, కుట్టుపని, ఎలక్ట్రికల్ పని అని పిల్లవాడిని పదకొండో ఏట ఒక గూట్లో కూర్చోబెట్టకుండా, మూడింటి రుచి చూపిస్తుంది. కానీ తరగతి గదిలో ఆ పని చేయించేది ఎవరు? చాలా బడుల్లో వృత్తి బోధకులను బయటి శిక్షణ సంస్థల ద్వారా ఒప్పందం మీద తెస్తున్నారు. ఏడాది గడిచేసరికి ఆ మనిషి ఉంటాడో ఉండడో తెలియదు. మంచి పుస్తకం ఉన్నా నేర్పే చెయ్యి నిలకడగా లేకపోతే అది చదివి మార్కులు తెచ్చుకునే ఇంకో సబ్జెక్టు అయిపోతుంది.

లక్ష్యాల సంగతి చెప్పాలంటే, 1986 విద్యావిధానం హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం మందిని వృత్తి కోర్సులకు మళ్లిస్తామంది. 1992లో సవరించి ఆ గడువులను అయిదేళ్లు పొడిగించారు. 2020 విధానం 2025 నాటికి కనీసం 50 శాతం మందికి వృత్తి విద్య పరిచయం కావాలంది. 19 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న కార్మికుల్లో లాంఛనంగా వృత్తి విద్య పొందినవారు మన దేశంలో 5 శాతం కన్నా తక్కువని, దక్షిణ కొరియాలో 96 శాతమని 12వ పంచవర్ష ప్రణాళిక అంచనాను అదే పత్రం ఉటంకించింది. మాట కూడా మారింది, గమనించారా? అప్పుడు ‘మళ్లించడం’, ఇప్పుడు ‘పరిచయం’. 2020 విధానం చెప్పినట్టు పది రోజులు సంచి లేకుండా బడికి వచ్చి కుమ్మరి పని చూసినా అది పరిచయమే. అంకె పెద్దదైంది, ప్రమాణం చిన్నదైంది.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. వృత్తి అర్హతలను స్థాయిలవారీగా పేర్చే జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని 2013 డిసెంబరులో పది స్థాయిలతో ప్రకటించారు, ఆ తరువాత సవరించి ఎనిమిది స్థాయిలకు తెచ్చారు. 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం బడి చదువు, ఉన్నత విద్య, వృత్తి శిక్షణ మూడింటినీ ఆ కొలబద్ద మీద నిలబెట్టింది. ముప్పై గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. అందులో పన్నెండో తరగతి నాలుగో స్థాయి. 2022లో సవరించిన రెండేళ్ల ఎలక్ట్రీషియన్ సిలబస్ మీదా నాలుగో స్థాయి అనే ఉంది. దీన్ని చూపించి ‘సమానమే కదా’ అని వాదించేవారు చాలామంది ఉన్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ ఉద్యోగ నియామకంలో అది ఒక్కటే నిలబడదు.

ఎందుకంటే స్థాయి ఒకటి కావడం వేరు, ఒక ఉద్యోగానికి అర్హత కావడం వేరు. ప్రభుత్వోద్యోగానికి ఏ అర్హత కావాలో చెప్పేది ఆ ఉద్యోగపు నియామక నిబంధనలు. ‘తత్సమానం’ అన్న మాటకు అర్థం చెప్పుకునేది కూడా నియామకం చేసే శాఖే. 2018లో సుప్రీంకోర్టు ముందుకు జమ్మూకశ్మీర్ నుంచి ఒక కేసు వచ్చింది. టెక్నీషియన్ పోస్టుకు మెట్రిక్యులేషన్‌తో పాటు సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ అడిగారు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవారు ‘మాది ఇంకా పెద్ద చదువు, మమ్మల్ని తీసుకోవాలి’ అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. అర్హత నిర్ణయం, సమానత నిర్ణయం నియామకం చేసే యజమాని పని అని, నిబంధన చెప్పకపోతే పై చదువులో కింది చదువు ఇమిడి ఉన్నట్టు ఊహించలేమని చెప్పింది. ఆ కేసు ఐటీఐ వారికి మేలు చేసింది. అదే తర్కం మీ తమ్ముడి విషయంలో ఎదురు తిరుగుతుంది.

అందుకని ఎన్‌సీఈఆర్‌టీకీ వద్దు, సీబీఎస్‌ఈకీ వద్దు. నోటిఫికేషన్ ఇచ్చిన సంస్థకే రాయండి. ముందు ఆ వాక్యాన్ని పూర్తిగా చదవండి. ‘తత్సమానం’ తరువాత ‘గుర్తింపు పొందిన బోర్డు నుంచి’ అని ఉందా, ‘ప్రభుత్వం సమానమని ప్రకటించిన’ అని ఉందా చూడండి. బోర్డు అని ఉంటే డీజీటీ సర్టిఫికెట్‌కు అవకాశం తక్కువ, అది బోర్డు కాదు. ప్రభుత్వం ప్రకటించిన అని ఉంటే అలాంటి ఉత్తర్వు ఉందో లేదో వారినే అడగాలి. ఫోనులో చెప్పిన మాటను నమ్ముకోకండి. దరఖాస్తు గడువుకు ముందే ఈమెయిలుతో పాటు, అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తుతో, నియామక నిబంధనల ప్రతి అడగండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజున పుట్టే వాదనల్లో అభ్యర్థి గెలవడం అరుదు.

ఆ జవాబు కోసం కాచుకుని కూర్చోకుండా రెండు పనులు చేయవచ్చు. ఒకటి, ఎన్‌ఐఓఎస్. జాతీయ సార్వత్రిక పాఠశాలగా 1989లో మొదలైన ఈ సంస్థ కేంద్ర విద్యాశాఖ కింద ఉంది, దాని సర్టిఫికెట్ నిస్సందేహంగా బోర్డు సర్టిఫికెట్టే. ఐటీఐ చదువును లెక్కలోకి తీసుకుని, మిగిలిన సబ్జెక్టులు రాస్తే సీనియర్ సెకండరీ ఇచ్చే ఏర్పాటు నైపుణ్య శాఖతో 2016లో కుదిరిన ఒప్పందంతో వచ్చింది. ఏయే సబ్జెక్టులు రాయాలో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసి చేరాలి. మధ్యవర్తులు ‘ఏమీ రాయకుండానే ఇప్పిస్తాం’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండోది, నా మనసులో మెరుగైనది. సంబంధిత ట్రేడ్‌లో రెండేళ్ల ఐటీఐ ఉన్నవారు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరడానికి ఏఐసీటీఈ నిబంధనలు ఒప్పుకుంటాయి. డిప్లొమా తరువాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. ఈ దారిలో ఇంటర్ అన్న ప్రశ్నే అడ్డు రాదు. చేతిపని వచ్చిన కుర్రాడిని రెండేళ్లు ఇంటర్ పుస్తకాల వెంట తిప్పడం కన్నా, అతనికి వచ్చిన ఎలక్ట్రికల్ పని మీదే పై మెట్టు కట్టడం మంచిదని నా అభిప్రాయం. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి పోస్టులకు పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడ్‌లో గుర్తింపు పొందిన ఐటీఐ పనికొస్తుందన్నది కూడా గుర్తుంచుకోమనండి. అక్కడ ఇంటర్ ఉన్నా, ట్రేడ్ లేకపోతే దానితోనే అర్హత రాదు.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. పేరులో ‘నేషనల్ కౌన్సిల్’ అని పెట్టుకుని, ప్రభుత్వ ముద్రను పోలిన బొమ్మ వేసుకుని, ఆరు నెలల్లో డిప్లొమా అమ్మే సంస్థలు వీధివీధికీ ఉన్నాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వ్యాపారమిది. ఏదైనా సొసైటీగా నమోదైందని చూపిస్తే అది విద్యా గుర్తింపు కాదు. వృత్తి అర్హత అసలుదా కాదా తెలుసుకోవడానికి జాతీయ అర్హతల రిజిస్టర్ అందరికీ అందుబాటులో ఉంది. అందులో కోర్సు పేరు, స్థాయి, దాన్ని ఇచ్చే సంస్థ పేరు ఉండాలి. లేకపోతే ఆ కాగితానికి డబ్బు కట్టకండి.

చివరగా తేదీల సంగతి. అర్హత ఏ తేదీ నాటికి ఉండాలో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది, చాలాసార్లు అది దరఖాస్తుకు ఆఖరి తేదీయే. ఎన్‌ఐఓఎస్ ప్రధాన పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో జరుగుతాయి, ఫలితాలకు ఇంకొంత సమయం పడుతుంది. కాబట్టి ఈ నోటిఫికేషన్ కోసమే అయితే ఇప్పుడు ఎన్‌ఐఓఎస్‌లో చేరినా అందకపోవచ్చు, తరువాతి దానికి పనికొస్తుంది. చేరే ముందు పదో తరగతి మెమోలోనూ, ఐటీఐ సర్టిఫికెట్‌లోనూ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఐటీఐ ప్రిన్సిపాల్ ద్వారా దిద్దుబాటుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి, అది నెలలు పట్టే పని.